మందు ఉంది, చూపు కావాలి

(యల్లాప్రగడ సుబ్బారావు గారి స్మృతిలో న్యూజెర్సీ తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠం)



యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకునే వేదిక మీద ఒక చిన్న పురుగు కాటు గురించి మాట్లాడతానంటే కొందరికి వింతగా తోచవచ్చు. ఆ కాటు వల్ల వచ్చే లైమ్ వ్యాధికీ, ఆయన జీవితానికీ ఉన్న సంబంధం చెప్పాక ఆ వింత పోతుందని నా నమ్మకం.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన సుబ్బారావు గారు మద్రాసు మెడికల్ కాలేజీలో చదువుతూ గాంధీజీ పిలుపు విని ఖద్దరు కట్టారు. అది సహించని ఇంగ్లీషు ప్రొఫెసరు ఆగ్రహం వల్ల ఎం.బి.బి.ఎస్. చేతికి రాలేదు, అంతకన్నా చిన్నదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. 1923లో బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి శరీరంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. కండరానికి శక్తి ఎక్కడి నుంచి వస్తుందో చెప్పే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల మీద పనిచేశారు. 1940లో లెడర్లీ ప్రయోగశాలకు వెళ్లి అక్కడి పరిశోధనకు నాయకత్వం వహించారు. ఫోలిక్ ఆమ్లం తయారీ, పసిపిల్లల రక్త కేన్సర్‌కు సిడ్నీ ఫార్బర్ వాడిన అమినోప్టెరిన్, మన గోదావరి జిల్లాల వాళ్లు బాగా ఎరిగిన బోదకాలుకు హెట్రజాన్ అక్కడి నుంచే వచ్చాయి.

ఆ ప్రయోగశాలలోనే బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త ఉండేవారు. విశ్వవిద్యాలయం నుంచి పదవీ విరమణ చేశాక, డెబ్బై దాటిన వయసులో లెడర్లీలో చేరారు. ఊరూరి నుంచి మట్టి తెప్పించి, అందులోని సూక్ష్మజీవులను ఒక్కొక్కటిగా పరీక్షించడం ఆయన పని. మిస్సౌరీ విశ్వవిద్యాలయం వారి శాన్‌బర్న్ ఫీల్డ్ అనే ప్రయోగ క్షేత్రం మట్టిలో ఆయనకు బంగారు ఛాయ గల ఒక సూక్ష్మజీవి దొరికింది. దాని నుంచి తీసిన ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అది మొదటి మందు. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు గారు 53 ఏళ్లకే కన్నుమూశారు. ఆ కుటుంబంలో తర్వాత పుట్టిన డాక్సీసైక్లిన్‌కు 1967లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇవాళ లైమ్ వ్యాధికి వైద్యుడు ముందుగా రాసే మందు అదే.

ఇంకొక్క మాట. లెడర్లీ ప్రయోగశాల ఉన్న పెర్ల్ రివర్ మన న్యూజెర్సీ సరిహద్దును ఆనుకున్న న్యూయార్క్ ఊరు. మందు కుటుంబానికి పుట్టిల్లయిన ఆ నేల మీదే ఇవాళ లైమ్ వ్యాధిని మోసే పురుగులు తిరుగుతున్నాయి. మందు దొరికి డెబ్బై ఐదేళ్లు దాటింది. జబ్బును వేళకు పోల్చుకునే చూపు మాత్రం అందరికీ రాలేదు. ముఖ్యంగా మన ఇళ్లల్లో రాలేదు. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

తల్లులు పట్టుకున్న జబ్బు

కనెక్టికట్ నది సముద్రంలో కలిసేచోట, తూర్పు గట్టున లైమ్, ఓల్డ్ లైమ్ అనే ఊళ్లున్నాయి. లైమ్‌లో పాలీ మర్రే అనే చిత్రకారిణి ఉండేవారు. 1960ల నుంచీ ఆమెకూ, భర్తకూ, పిల్లలకూ ఒకరి తర్వాత ఒకరికి ఒంటి మీద మచ్చలు, జ్వరం, కీళ్ల వాపులు. ఎందరు వైద్యుల దగ్గరికి వెళ్లినా కారణం తేలలేదు. అంతా ఆమె మనసులోనే ఉందన్న మాట కూడా పడ్డారు. ఆమె అన్నీ రాసిపెట్టుకున్నారు: ఏ తేదీన ఏ మచ్చ, ఎవరికి ఏ మోకాలు, పక్క వీధిలో ఇంకెవరికి. ఓల్డ్ లైమ్‌లో జూడిత్ మెన్ష్ అనే మరో తల్లి కూతురికి కీళ్లవాతమని చెప్పారు. చుట్టుపక్కల ఇంకా కొందరు పిల్లలకు అదే జబ్బని విని ఆమెకు అనుమానం వచ్చింది. పిల్లలకు అరుదుగా వచ్చే కీళ్లవాతం ఒకే వీధిలో అంతమందికి ఎలా వస్తుంది? 1975లో ఈ తల్లులు రాష్ట్ర ఆరోగ్య శాఖను కదిలించారు.

యేల్ విశ్వవిద్యాలయంలో కీళ్ల వైద్యం నేర్చుకుంటున్న ఆలన్ స్టీర్ రంగంలోకి దిగారు. లైమ్, ఓల్డ్ లైమ్, ఈస్ట్ హడ్డామ్ ఊళ్లలో 39 మంది పిల్లలు, 12 మంది పెద్దలు, మొత్తం 51 మంది రోగులను గుర్తించి 1977లో ప్రకటించారు. జబ్బు మొదలైన కాలం చూస్తే ఎక్కువమందికి వేసవి, ఆకురాలే కాలపు మొదటి రోజులు. కాపురాలు అడవి అంచున. వాళ్లలో నాలుగో వంతు మందికి కీళ్లు వాచడానికి ముందు ఒంటి మీద పాకుతూ పెద్దదయ్యే ఎర్రమచ్చ గుర్తుంది. అలాంటి మచ్చను స్వీడన్‌లో అర్విడ్ అఫ్జేలియస్ 1909లోనే వర్ణించి, అది పురుగు కాటు వల్ల వస్తుందని చెప్పారు. రెండు ఖండాల సమాచారం అలా కలిసింది.

దోషి ఎవరో మాత్రం 1981 దాకా తెలియలేదు. మోంటానా రాష్ట్రంలోని రాకీ మౌంటెన్ ప్రయోగశాలలో విల్లీ బర్గ్‌డార్ఫర్ వేరే జ్వరం కోసం న్యూయార్క్ దగ్గరి షెల్టర్ ఐలాండ్ నుంచి వచ్చిన పురుగులను కోసి చూస్తున్నారు. వాటి పేగుల్లో మెలికలు తిరిగిన సన్నని సూక్ష్మజీవులు కనబడ్డాయి. 1982లో ఆ సంగతి వెలువడింది. ఆయన పేరు మీదే దానికి బొరేలియా బర్గ్‌డార్ఫెరి అని పేరు పెట్టారు. జబ్బు కొత్తగా పుట్టిందేమీ కాదు. ఆల్ప్స్ మంచులో దొరికిన, 5,300 ఏళ్ల నాటి ఓట్జీ అనే మనిషి దేహంలోనూ ఈ జీవి జాడ కనిపించిందని 2012లో పరిశోధకులు చెప్పారు. దాన్ని ఈ కాలంలో మన వాకిట్లోకి తెచ్చింది నేల వాడుకలో వచ్చిన మార్పు. పూర్వం పొలాల కోసం నరికిన ఈశాన్య అమెరికా అడవులు ఇరవయ్యో శతాబ్దంలో మళ్లీ పెరిగాయి, జింకలు తిరిగొచ్చాయి, ఆ అడవిని ముక్కలు చేసి మనం ఇళ్లు కట్టుకున్నాం.

పురుగు సంగతి

ఈ పురుగును ఇక్కడ డీర్ టిక్ అంటారు, నల్లకాళ్ల టిక్ అని కూడా. మన ఊళ్లలో పశువుల మీద గోమారి, కుక్కల మీద పిడుదు చూడనివాళ్లు లేరు. ఆ అనుభవమే ఇక్కడ మనల్ని మోసం చేస్తుంది. మనకు తెలిసిన పిడుదు రక్తం తాగి బూడిద రంగులో ఉబ్బి, వేలికి తగిలేంతగా ఉంటుంది. ఇక్కడ ఎక్కువమందికి జబ్బు అంటించే పిల్లదశ (నింఫ్) పిడుదు గసగసాల గింజంత. పుట్టుమచ్చ అనుకుని వదిలేస్తాం. కుట్టినట్టు కూడా తెలియదు, దాని లాలాజలం చర్మానికి తిమ్మిరెక్కిస్తుంది.

ఇది ఎగరదు, దూకదు. గడ్డి కొసనో, పొద ఆకు మీదో ముందుకాళ్లు చాచుకుని, ఒరుసుకుంటూ పోయే ఒంటి కోసం కాచుకుని ఉంటుంది. రెండేళ్ల బతుకులో మూడుసార్లే రక్తం తాగుతుంది: లార్వాగా, నింఫ్‌గా, పెద్దదయ్యాక. తల్లి నుంచి సూక్ష్మజీవి రాదు. పుట్టిన లార్వా ఏ తెల్లకాళ్ల ఎలుకనో పట్టుకున్నప్పుడు దాని రక్తంతో పాటు బొరేలియాను తెచ్చుకుంటుంది. మరుసటి వసంతంలో నింఫ్‌గా మారి మన కాలికి అంటుకుంటుంది. జింకకు ఈ సూక్ష్మజీవిని అంటించే గుణం లేదు, కానీ పెద్ద పిడుదులకు తిండి పెట్టి వాటి సంతతిని పెంచేది జింకే. నింఫ్‌ల తాకిడి మే నుంచి జులై దాకా. పెద్దవి ఆకురాలే కాలంలో, మంచు పడని చలి రోజుల్లో కూడా తిరుగుతాయి.

ఒక శుభవార్త. బొరేలియా పిడుదు పేగులో ఉంటుంది. వెచ్చని రక్తం లోపలికి దిగాక గానీ అది కదలదు. పెరిగి, పైపూత మార్చుకుని, పేగు దాటి లాలాజలంలోకి చేరి మన ఒంట్లోకి రావడానికి సాధారణంగా 24 గంటలకు పైగా పడుతుంది. ఆ లోపు పిడుదును పీకేస్తే జబ్బు రావడం అరుదు. అంటే ప్రకృతి మనకు ఒక రోజు గడువిచ్చింది. రోజుకోసారి ఒళ్లు చూసుకోవడమే ఆ గడువును వాడుకోవడం.

మచ్చ, మన చర్మం

జబ్బు అంటిన ప్రతి పదిమందిలో ఏడెనిమిది మందికి చర్మం మీద మచ్చ వస్తుంది. కాటు పడిన 3 నుంచి 30 రోజుల మధ్య, చాలామందికి వారం అటూఇటుగా. మొదట చిన్నగా ఉండి, రోజురోజుకీ అన్ని వైపులా పాకుతుంది. అడుగు వెడల్పు దాకా పోవచ్చు. ముట్టుకుంటే వెచ్చగా ఉండొచ్చు, దురద గానీ నొప్పి గానీ సాధారణంగా ఉండవు. అందుకే వీపు మీదో మోకాలి వెనకో వస్తే మనకు తెలియదు. కాటు పడిన మొదటి ఒకటి రెండు రోజుల్లోనే వచ్చి మాయమయ్యే చిన్న ఎర్రబొబ్బ వేరు. అది కాటుకు చర్మం చూపే విసుగు మాత్రమే. పెరుగుతోందా లేదా అన్నది తేల్చే ప్రశ్న. మచ్చ అంచు చుట్టూ పెన్నుతో గీత గీసి, తేదీతో ఫోటో తీసి పెట్టండి. రెండు రోజుల తర్వాత గీత దాటిందంటే వైద్యుడి దగ్గరికి నడవండి.

పుస్తకాల్లో, గోడ పటాల్లో చూపే బొమ్మ మనలో చాలామందికి పనికిరాదు. తెల్లటి చర్మం మీద ఎర్రటి వలయం, నడుమ ఖాళీ, మళ్లీ ఎర్రటి చుక్క. తెల్లవాళ్లలో కూడా చాలా మచ్చలకు ఆ నడుమ ఖాళీ ఉండదు, ఏకరీతిగా ఎర్రగా ఉంటాయి. ఇక మన చామనఛాయ మీద, నల్లని ఒంటి మీద ఆ ఎరుపు కనబడకపోవచ్చు. దెబ్బ తగిలి కమిలినట్టు ముదురు రంగులోనో, ఊదాగానో, చుట్టూ ఉన్న చర్మం కన్నా కాస్త నల్లగానో కనిపిస్తుంది. అమెరికాలోని నల్లజాతివారిలో లైమ్ వ్యాధి మచ్చ దశలో దొరకకుండా, కీళ్లకో నరాలకో పాకాక బయటపడడం ఎక్కువని అధ్యయనాలు చెప్పాయి. మచ్చ లేదని కాదు, దాన్ని పోల్చుకునే కన్ను తయారు కాలేదు. ఆ ప్రమాదం మనకూ ఉంది. కాబట్టి మంచి వెలుతురులో, చేతితో తడుముతూ చూడాలి. రంగు తెలియకపోయినా వెచ్చదనం, అంచు, పాకే తీరు తెలుస్తాయి.

మచ్చతో పాటు జ్వరం, చలి, ఒళ్లు నొప్పులు, తలనొప్పి, నీరసం రావచ్చు. వేసవిలో దగ్గూ జలుబూ లేకుండా ఫ్లూ లాంటి జ్వరం వచ్చిందంటే ఈ ప్రాంతంలో పిడుదును తలుచుకోవాలి. మచ్చ రాని వాళ్లకు ఈ ఒక్క సూచనే ఉండవచ్చు.

పట్టించుకోకపోతే వారాల్లో, నెలల్లో సూక్ష్మజీవి రక్తం ద్వారా పాకుతుంది. ఒంటి మీద మరిన్ని మచ్చలు లేస్తాయి. మూతి ఒక పక్కకు వంకరపోతుంది. పిల్లవాడికి జులైలో మూతి వంకరపోయిందంటే ఇక్కడి వైద్యులు లైమ్ కోసం చూస్తారు. మెడ పట్టేసి తీవ్రమైన తలనొప్పి రావచ్చు, నరాల వెంట సూదులు గుచ్చినట్టు నొప్పి ఉండొచ్చు. నూటికి ఒకరికి గుండె కొట్టుకునే విద్యుత్ మార్గంలో అడ్డు ఏర్పడుతుంది. కళ్లు తిరగడం, గుండె దడ, ఆయాసం, స్పృహ తప్పడం దాని గుర్తులు. ఇది ఆసుపత్రికి వెంటనే పరుగెత్తవలసిన దశ, అరుదుగా ప్రాణం పోతుంది. ఇంకా తర్వాత మోకాలు నీరు పట్టి వాస్తుంది. పెద్ద వాపు ఉన్నా నొప్పి తక్కువగా ఉండడం దీని తీరు. మన పెద్దవాళ్లు అరుగుదల అని అమృతాంజనం రాసుకుని ఊరుకునేది ఇక్కడే.

పరీక్ష ఎప్పుడు, మందు ఎంత

మచ్చ కనిపించి, మనిషి ఈ ప్రాంతంలో తిరిగినవాడైతే, రక్తపరీక్ష అవసరం లేదు. చూసి మందు మొదలుపెట్టడమే సరైన వైద్యం. ఎందుకంటే పరీక్ష వెతికేది సూక్ష్మజీవిని కాదు, దానికి మన ఒళ్లు తయారుచేసిన యాంటీబాడీలను. అవి పుట్టడానికి వారాలు పడుతుంది. తొలి వారంలో పరీక్ష చేయించి నెగటివ్ వచ్చిందని నిశ్చింతగా ఉండడం పెద్ద పొరపాటు. మచ్చ లేకుండా తర్వాతి దశ లక్షణాలు ఉన్నవారికి పరీక్ష కావాలి. అదీ రెండంచెల పరీక్ష. మొదటిది పాజిటివ్ గానో, అటూఇటూ గానో వస్తేనే రెండోది. తగ్గిన తర్వాత కూడా యాంటీబాడీలు ఏళ్ల తరబడి ఉంటాయి గనక, పాజిటివ్‌ చూసి జబ్బు మిగిలి ఉందని కంగారు పడకూడదు, తగ్గిందో లేదో తెలుసుకోవడానికి మళ్లీ మళ్లీ చేయించకూడదు.

మందు మోతాదులు మీకు తెలియడం కోసమే చెబుతున్నాను. రాయవలసింది మీ వైద్యుడు. మచ్చ దశలో పెద్దలకు డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, 10 రోజులు. అది పడనివారికీ, గర్భిణులకూ అమాక్సిసిలిన్ 14 రోజులు. సెఫురాక్సిమ్ మరో దారి. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు డాక్సీసైక్లిన్ పళ్లను పాడుచేస్తుందని పూర్వం భయపడేవారు. మూడు వారాల లోపు కోర్సు ఏ వయసు వారికైనా ఇవ్వవచ్చని అమెరికా పిల్లల వైద్యుల సంఘం ఇప్పుడు చెబుతోంది. నరాలకు పాకితే రెండు మూడు వారాలు, కీళ్లకు పాకితే 28 రోజులు. తీవ్రమైన గుండె సమస్యకు ఆసుపత్రిలో రక్తనాళం ద్వారా సెఫ్ట్రియాక్సోన్ ఇస్తారు. మందు మొదలైన రోజు కొందరికి జ్వరం, ఒళ్లు నొప్పులు ఎక్కువవుతాయి. సూక్ష్మజీవులు ఒక్కసారిగా చచ్చినప్పుడు వచ్చే ఉద్రేకం అది, ఒక రోజులో తగ్గుతుంది, మందు ఆపకండి. డాక్సీసైక్లిన్ నిండు గ్లాసు నీళ్లతో వేసుకోండి, వెంటనే పడుకోకండి. కాల్షియం, ఐరన్ మాత్రలు, గ్యాస్ మందులు దానితో కలిపి మింగకండి. ఎండలో చర్మం కందుతుంది, కప్పుకోండి.

వేళకు మందు పడితే దాదాపు అందరూ పూర్తిగా కోలుకుంటారు. కొద్దిమందికి మాత్రం చికిత్స అయ్యాక కూడా అలసట, ఒళ్లు నొప్పులు, మతిమరుపు నెలల తరబడి ఉంటాయి. ఆ బాధ నిజం. దాన్ని ఊహ అని కొట్టిపారేసే వైద్యుడు, పాలీ మర్రే మాట వినని నాటి వైద్యుల దారిలోనే నడుస్తున్నాడు. అయితే నెలల తరబడి యాంటీబయాటిక్స్ ఎక్కిస్తే ఆ బాధ తగ్గుతుందా అని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల అండతో జరిగిన ప్రయోగాల్లో నిలకడైన మేలు కనబడలేదు. రక్తనాళంలో పెట్టిన గొట్టాల వల్ల ఇన్ఫెక్షన్లు, మందుల వల్ల తీవ్రమైన విరేచనాలు వచ్చాయి. బాధను గౌరవించాలి, నిరూపణ లేని చికిత్సను అమ్మేవాళ్లకు దూరంగా ఉండాలి. రెండూ కలిసి నడవవలసినవే.

పిడుదు కనబడితే

సన్నని మొన ఉన్న ట్వీజర్స్ ప్రతి ఇంట్లో ఉండాలి. పిడుదు తలను చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా, ఒకే బలంతో నిటారుగా పైకి లాగండి. కిరసనాయిలు పోయడం, సున్నం పూయడం, అగ్గిపుల్ల అంటించడం మన ఊరి అలవాట్లు. అవి ఇక్కడ వద్దు. అవి వదిలిస్తాయన్న నమ్మకం లేదు, ఈలోగా సమయం పోతుంది. నోటి ముక్క చర్మంలో ఉండిపోతే తవ్వకండి, తానే ఊడిపోతుంది. సబ్బుతో కడిగి, పిడుదును మూతబిగించిన సంచిలో తేదీ రాసి ఉంచండి.

ఆ తర్వాత వైద్యుడికి ఫోన్ చేయండి. లైమ్ ఎక్కువగా ఉన్న ప్రాంతంలో, డీర్ టిక్ అని తేలినప్పుడు, అది 36 గంటలు లేదా అంతకు మించి అంటుకుని ఉన్నప్పుడు, తీసిన 72 గంటల లోపు పెద్దలకు 200 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ ఒక్క మోతాదు ఇస్తే జబ్బు చాలావరకు రాకుండా ఆగుతుంది. న్యూయార్క్ దగ్గరి వెస్ట్‌చెస్టర్‌లో చేసిన, 2001లో వెలువడిన అధ్యయనం దీనికి ఆధారం. మందు వేసుకున్నా నెల రోజులు ఒళ్లు కనిపెట్టి ఉండాలి.

కాటు పడకుండా చూసుకునేవి ఇంకా తేలిక. గడ్డిలోకి, అడవి బాటలోకి వెళ్లేటప్పుడు నిండు ప్యాంటు, దాని అంచు సాక్సులోకి దోపుకోవాలి. లేతరంగు బట్టల మీద నల్లచుక్క వెంటనే కనబడుతుంది. బూట్లకు, బట్టలకు 0.5 శాతం పెర్మెత్రిన్ ముందుగా కొట్టి ఆరనివ్వాలి. అది ఒంటికి రాసుకునేది కాదు. ఒంటికి డీట్ గానీ పికారిడిన్ గానీ. ఇంటికి రాగానే వేసుకున్న బట్టలను డ్రయ్యర్‌లో పూర్తి వేడి మీద పది నిమిషాలు తిప్పితే పిడుదులు చస్తాయి. ఉతకడం ఒక్కటే చాలదు. రెండు గంటల లోపు స్నానం చేయాలి. చంకలు, చెవుల వెనక, జుట్టులో, బొడ్డులో, నడుము చుట్టూ, గజ్జల్లో, మోకాళ్ల వెనక వెతకాలి. పెరట్లో లాన్‌కూ అడవికీ మధ్య మూడడుగుల వెడల్పున గులకరాళ్లో చెక్కపొట్టో పరిస్తే పిడుదులు దాటి రావడం తగ్గుతుంది. ఎండుటాకులు పోగుపడనివ్వకండి. కుక్కను పెంచేవాళ్లు రోజూ దాని ఒళ్లు తడమండి. కుక్కలకు లైమ్ టీకా ఉంది. మనుషులకు 1998లో అమెరికాలో అనుమతి పొందిన టీకా వచ్చింది, గిరాకీ తగ్గి తయారీదారు 2002లో దాన్ని మార్కెట్ నుంచి తీసేశాడు. కొత్త టీకా మీద పెద్ద ప్రయోగం 2022లో మొదలైంది. టీకా వచ్చేదాకా, వచ్చాక కూడా, ఒళ్లు చూసుకోక తప్పదు.

అమ్మానాన్నల మాట

ఇప్పుడు మన ఇళ్ల సంగతి. అమ్మానాన్నలు, అత్తమామలు మన ఊళ్ల ఎండలు తప్పించుకుని మే, జూన్ నెలల్లో ఇక్కడికి వస్తారు. సరిగ్గా నింఫ్‌లు తిరిగే నెలలవి. నాన్నగారు పొద్దున్నే లుంగీ మీదో నిక్కరు మీదో పెరట్లో గోంగూర మడి, బీర పాదు చూసుకుంటారు. సాయంత్రం అమ్మ చీరలో, చెప్పులతో అడవి అంచు బాటలో నడిచొస్తుంది. జింకలు ఆ పాదుల్లోకే వస్తాయి. మచ్చ ఏ తొడ మీదో నడుము మీదో వస్తే కోడలికో అల్లుడికో చూపించడానికి మొహమాటం. జ్వరమొస్తే విజిటర్ ఇన్సూరెన్స్ ఏం కడుతుందో, పిల్లలకు ఎంత ఖర్చో అన్న జంకు. "రెండు పారాసెటమాల్ వేసుకుంటే అదే పోతుంది" అంటారు. ఆ రెండు వారాల మౌనంలో పది రోజుల మాత్రలతో పోయే జబ్బు మోకాళ్లలోకి, గుండెలోకి చేరుతుంది. వచ్చిన మొదటి వారంలోనే వాళ్లకు ఈ పురుగును, ఈ మచ్చను ఫోటోల్లో చూపించండి. దాచుకోవద్దని, ఒక వైద్యుణ్ణి చూసే ఖర్చు తర్వాతి దశ ఖర్చు ముందు ఎంతో తక్కువని చెప్పండి.

వాళ్లు తిరిగి విజయవాడకో వరంగల్‌కో వెళ్లాక జ్వరమూ కీళ్ల వాపూ వస్తే, అక్కడి వైద్యుడు ముందుగా చికున్‌గున్యా అనుకుంటారు. అది ఆయన తప్పు కాదు. అక్కడ కనబడే జబ్బు అది. "ఈ వేసవి న్యూజెర్సీలో ఉన్నాం, పెరట్లో పనిచేశాం" అని మీరే చెప్పాలి. పెన్సిల్వేనియా, కనెక్టికట్, న్యూయార్క్, వర్జీనియా, విస్కాన్సిన్, మిన్నెసోటాల్లో ఉండి వెళ్లినవాళ్లకూ ఇదే మాట. డల్లాస్‌లో ఉండి వెళ్లినవారికి ఈ భయం చాలా తక్కువ. మన ఊరి పశువుల గోమారి, కుక్క పిడుదు లైమ్‌ను మోసేవి కావు. కానీ ఆంధ్ర, తెలంగాణల్లో పొదల్లోని నల్లి జాతి పిల్లపురుగులు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ ఉంది. కాటు చోట నల్లటి పెచ్చు కడుతుంది. దానికీ వేళకు ఇచ్చే మందు డాక్సీసైక్లినే. ఇక్కడ పాకే మచ్చ కోసం వెతికే కన్ను అక్కడ నల్లటి పెచ్చు కోసం వెతకాలి.

2010 నుంచి 2018 వరకు ఏటా సుమారు 4,76,000 మంది అమెరికాలో లైమ్‌కు చికిత్స పొందారని ఇక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం అంచనా. ఇంత పెద్ద సంఖ్యలో మనవాళ్లు ఉండరనుకోవడానికి ఏ కారణమూ లేదు. ఎడిసన్‌లో, ప్రిన్స్‌టన్ చుట్టుపక్కల, ఫిలడెల్ఫియా శివార్లలో మన ఇళ్లు ఉన్నది అడవి అంచునే.

తెలుగు సంఘాలకు నా విన్నపం. పండగ సభల కరపత్రాలతో పాటు చామనఛాయ, నల్లని చర్మం మీద ఈ మచ్చ ఎలా ఉంటుందో చూపే ఫోటోలతో తెలుగులో ఒక్క కాగితం వేసి ప్రతి ఏడాది ఏప్రిల్‌లో ఇంటింటికీ పంచండి. మన వైద్యులకు నా విన్నపం. వేసవి జ్వరంతో వచ్చిన ప్రతి మనిషినీ ఎక్కడ తిరిగారని అడగండి, చొక్కా విప్పించి వీపు చూడండి, తల్లి చెప్పే మాట చివరిదాకా వినండి. సుబ్బారావు గారు ప్రయోగశాలకు జీవితం ధారపోసి మందుల దారి తెరిచారు. ఆ మందును వేళకు రోగి చేతిలో పెట్టే బాధ్యత మనది. ఈ రాత్రి ఇంటికెళ్లాక పిల్లల ఒళ్లు, పెద్దల ఒళ్లు, మీ ఒళ్లు ఒకసారి చూసుకోండి. రేపూ చూసుకోండి. వేసవి అయ్యేదాకా రోజూ చూసుకోండి.